సీసాలో కప్పపిల్లలు: ప్రేమ ఒక్కటే సరిపోతుందా?

కొండగట్టు దిగువన ఉన్న మల్యాలలో వానలు మొదలయ్యాయంటే రాత్రంతా కప్పల బెకబెకలే. కుంటలు, వరిమళ్లు, బాట పక్కన గుంతలు నిండుతాయి. కొద్ది రోజులకే వాటిలో నల్లని తోకకప్పలు గుంపులు గుంపులుగా ఈదుతుంటాయి. బడి నుంచి వచ్చే పిల్లల చేతులు ఊరుకుంటాయా?

ఆ ఊళ్లో ఒక సోదరుని ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఆయన ఎనిమిదేళ్ల కొడుకు పొలం గట్టు పక్క గుంతలోంచి ఇరవై తోకకప్పలను గాజు సీసాలో పట్టుకొచ్చాడు. మూత బిగించి కిటికీలో పెట్టాడు. తింటాయి కదా అని అన్నం మెతుకులు వేశాడు. ఇంట్లో అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి మెతుకులు కుళ్లి నీళ్లు వాసన కొట్టాయి. సీసా ఎండకు కాగిపోయింది. సగానికి పైగా చచ్చి తేలాయి. "ఛీ, కప్పలా! మోరీలో పారబోయండి" అన్నారు దాదీమా. పిల్లవాడు సీసాను గుండెకు హత్తుకొని ఏడ్చాడు. "అబ్బా, నేను వాటిని ప్రేమగానే తెచ్చుకున్నా. నాకు గునాహ్ రాస్తారా?" అని అడిగాడు.

తండ్రికి వెంటనే జవాబు తోచలేదు. మనలో ఎంతమందికి తోస్తుంది? కప్పపిల్లల విషయమే కదా అని నవ్వి ఊరుకుంటాం. కాని ఆ పసివాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఒక ప్రాణిని ప్రేమతోనే మన అధీనంలోకి తెచ్చుకున్నాం, అది మన చేతుల్లోనే చచ్చిపోయింది. అప్పుడు బాధ్యత ఎవరిది?

ముందుగా దాదీమా మాటను చూద్దాం. కప్ప అసహ్యమైన జీవి అన్న భావన మనలో చాలామందికి ఉంది. కప్పను తినడం ధర్మసమ్మతం కాదని ఎక్కువమంది ధర్మవేత్తలు చెప్పారు. అయితే తినకూడనిది కాబట్టి దాని ప్రాణానికి విలువ లేదనుకోవడం పొరపాటు. ఒక వైద్యుడు కప్పను మందులో వాడటం గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) కప్పను చంపడాన్ని వారించారు (అబూదావూద్, నసాయీ). మందు కోసమే చంపవద్దన్నప్పుడు అసహ్యంతో మోరీలో పారబోయడం ఎలా సమంజసమవుతుంది? భూమిపై సంచరించే జంతువులు, ఎగిరే పక్షులు మన లాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది (6:38). సృష్టిలోని ప్రతి వస్తువూ తన ప్రభువును స్తుతిస్తుంది, ఆ స్తోత్రం మనకే అర్థం కాదు (17:44). రాత్రి వినిపించే ఆ బెకబెకలను ఒకసారి ఈ దృష్టితో విని చూడండి.

మరి పిల్లలు ప్రాణులను పెంచుకోవడమే తప్పా? కాదు. హజ్రత్ అనస్ (ర) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ వద్ద ఒక చిన్న పిట్ట ఉండేది. ఆ బాలుడు దానితో ఆడుకునేవాడు. పిట్ట చనిపోయి అతను దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించారు (బుఖారీ, ముస్లిం, అబూదావూద్). పిట్ట పోయినందుకు ఏడుపెందుకని ఆయన కసరలేదు. హింసించకుండా, ఆకలి దప్పులు చూసుకుంటూ ప్రాణిని పెంచుకోవచ్చని ధర్మవేత్తలు ఈ హదీసు నుండి గ్రహించారు. కాబట్టి ప్రాణిని ఇంటికి తేవడం ఒక్కటే నేరం కాదు. అసలు పరీక్ష తెచ్చిన తర్వాత మొదలవుతుంది.

పిల్లిని బంధించిన స్త్రీ ఉదంతం మనం ఎన్నోసార్లు విన్నాం. ఆమె పిల్లిని కొట్టినట్లు, హింసించినట్లు ఆ హదీసులో లేదు. ఆమె దానికి తిండి పెట్టలేదు. నేల మీది పురుగూ పుట్రా ఏరుకు తినేందుకైనా వదల్లేదు. ఆ కారణంగా నరకానికి పాత్రురాలయింది (బుఖారీ, ముస్లిం). ఇందులో రెండు దారులు కనబడుతున్నాయి: పోషించాలి, లేదా వదిలిపెట్టాలి. మూడో దారి లేదు.

ఎందుకిలా? భూమిపై చరించే ప్రతి ప్రాణి ఆహార బాధ్యత అల్లాహ్‌దేనని ఖుర్ఆన్ అంటుంది (11:6). గుంతలో ఉన్న తోకకప్పకు ఆయన అన్నీ సిద్ధం చేసి పెట్టాడు. రాళ్లకు పట్టిన పాచి, నానిన ఆకులు, చెట్టునీడ, గట్టెక్కడానికి ఒడ్డు, అన్నీ ఉన్నాయి. మనం సీసా మూత బిగించిన క్షణంలో ఆ ఏర్పాటుకూ ప్రాణికీ మధ్య అడ్డుగా నిలిచాం. ఇక ఆ ఉపాధి దానికి మన చేతుల మీదుగా అందాలి. అది మన మెడకు చుట్టుకున్న అమానత్. ప్రేమ ఉందనడం ఆ అప్పు తీర్చదు. ఆ ప్రాణికి ఏమి కావాలో తెలుసుకోవడం ప్రేమలోని మొదటి భాగం.

తెలుసుకుంటే ఆ అమానత్ ఎంత బరువైనదో అర్థమవుతుంది. తోకకప్ప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. దానికి వెడల్పాటి తొట్టి, నీడ, వాననీరు లేదా తెచ్చిన గుంత నీరే కావాలి. నల్లా నీటిలోని క్లోరిన్ దానికి హాని చేస్తుంది. తప్పనిసరైతే ఆ నీటిని ఒక రోజంతా మూతలేకుండా నిలువ ఉంచాలి. చిటికెడు ఉడికించిన పాలకూర చాలు, మిగిలినది తీసేయాలి. కుళ్లిన మెతుకులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. వానాకాలంలో పసుపుపచ్చగా మెరిసే పెద్ద బోదురుకప్ప పిల్లలైతే తోటి తోకకప్పలనే తింటాయి. వాటిని ఇతర పిల్లలతో కలిపి ఉంచకూడదు.

కొన్ని వారాలకు వెనుక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు వస్తాయి. మొప్పలు పోయి ఊపిరితిత్తులు ఏర్పడతాయి. అప్పుడు నీళ్లలోంచి పైకెక్కడానికి ఏటవాలుగా ఒక రాయి లేకపోతే, నీళ్లలో పుట్టిన జీవి నీళ్లలోనే మునిగి చస్తుంది! తోక కుంచించుకుపోయే ఆ రోజుల్లో అది ఏమీ తినదు. కరిగిపోతున్న తోకే దానికి ఆహారం. సుబ్‌హానల్లాహ్! ఏ ప్రాణికి ఎప్పుడు ఏది కావాలో సృష్టికర్తకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ తర్వాత చిరుకప్పకు పాచి, ఆకుకూర పనికిరావు. కదిలే పురుగే దానికి ఆహారంగా కనబడుతుంది. చచ్చిన ఈగలు ముందర పోసినా ఆకలితో మాడిపోతుంది. రోజూ చిన్న ఈగలో, చీమలో ప్రాణంతో తెచ్చి పెట్టాలి. పైగా అది నీటిని చర్మంతోనే పీల్చుకుంటుంది. సబ్బు, ఉప్పు, నూనె అంటిన చేతులతో పట్టుకుంటే దానికి ప్రమాదం.

ఈ సేవంతా నెలల తరబడి ఎన్ని ఇళ్లలో జరుగుతుంది? అందుకే గుంత దగ్గరే కూర్చొని చూడటం అన్నిటికన్నా మేలు. దేశ చట్టాన్నీ మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం బోదురుకప్పకు రక్షణ కల్పించింది. ఒకప్పుడు విదేశీయుల విందుల కోసం మన దేశం నుంచి కప్ప కాళ్లు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేవి. పొలాల్లో పురుగులను తినే కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన పెరిగి, 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. లాభం కోసం పట్టినా, ముచ్చటకు పట్టినా ప్రాణి మోసే బాధ ఒకటే. ఒక పక్షి పిల్లలను అనుచరులు తీసుకున్నప్పుడు తల్లిపక్షి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు (అబూదావూద్). కప్ప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. దాని పిల్లల కోసం మన గుమ్మం ముందు తల్లడిల్లే తల్లి ఉండదు. అడిగేవారు లేని ప్రాణి పట్ల మన ప్రవర్తనే మన దైవభీతికి గీటురాయి.

ఇప్పుడు ఆ పసివాని ప్రశ్నకు వద్దాం. యుక్తవయస్సు రాని బాలుని కర్మలు లిఖించబడవని దైవప్రవక్త (స) తెలియజేశారు (అబూదావూద్). కనుక అతనికి గునాహ్ లేదు. అయితే ప్రతి వ్యక్తీ ఒక కాపరి అనీ, తన అధీనంలో ఉన్నవారి గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ కూడా ఆయనే చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆ తండ్రి రెండు రోజులు ఫజ్ర్ నమాజుకు వెళ్తూ కిటికీలోని సీసాను చూశాడు. "బేటా, ఇవి ఏం తింటాయి?" అని ఒక్కమాట అడగలేదు. ఆ అడగకపోవడమే లెక్కకు వస్తుంది.

అదే మాట ఆయన కొడుకుతో చెప్పాడు. "నీకు గునాహ్ లేదు బేటా. చూసి కూడా ఊరుకున్నది నేను. అల్లాహ్‌ను నేను క్షమాపణ అడుగుతాను." ఆ సాయంత్రం ఇద్దరూ మిగిలిన ఎనిమిదింటిని తెచ్చిన గుంతలోనే వదిలారు. ఒక చోటి ప్రాణిని మరో నీటిలో వదిలితే రోగాలు పాకవచ్చు, అందుకే తెచ్చిన చోటికే చేర్చడం సరైన పద్ధతి. చచ్చినవాటిని పెరట్లో మట్టి కప్పారు. తర్వాత వానలు ఉన్నన్నాళ్లూ వారానికోసారి తండ్రీకొడుకులు ఆ గట్టు మీద కూర్చొని కాళ్లు వచ్చాయా, తోక పోయిందా అని చూసి వచ్చేవారు. కొన్నాళ్లకు దాదీమా కూడా "ఎంతవరకు వచ్చాయిరా?" అని అడగసాగారు.

సోదర సోదరీమణులారా! మన ఇళ్లలో సీసాలో చేప, పంజరంలో చిలుక, గాటన మేక, గంప కింద కోడి ఉండవచ్చు. ఈ రాత్రి నిద్రపోయే ముందు ఒక్కసారి వాటి వైపు చూడండి. వాటికి నోరు లేదు, తలుపు తాళం మన చేతిలో ఉంది. మన అధీనంలో ఉన్న ప్రతి ప్రాణి హక్కును గుర్తెరిగి నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.