వట్టి పాత్రలు ఇచ్చిన ఇరుగుపొరుగు

 

మే రెండో ఆదివారం మదర్స్ డే. ఫోన్ల నిండా అమ్మ ఫోటోలే. మంచిదే, నేనూ పెట్టాను. కానీ మన తీరంలో ఆ రోజు ఎప్పుడొస్తుందో గమనించారా? ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక అది అవసరమే. నిజాంపట్నం హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి. కొడుక్కి వేట లేదు, గంపతో చేపలమ్మే తల్లికి బేరం లేదు. గ్రూపు లోను కిస్తీ మాత్రం ఆగదు. ఆమె కట్టకపోతే భారం తోటి సభ్యుల మీద పడుతుంది. నిన్నటిదాకా అక్కా అని పిలిచినవాళ్లే వచ్చి గుమ్మంలో నిలబడతారు. వాళ్లనీ తప్పుపట్టలేం, వాళ్లకీ పిల్లలున్నారు.

2 రాజులు 4వ అధ్యాయం తీయండి. భర్త చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో కొంచెం నూనె తప్ప ఏమీ లేదు. ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు ఎలీషా, అవి కూడా చాలా తెమ్మన్నాడు. ఎన్నోసార్లు నేను ఆ నూనె గురించే చెప్పాను. ఈసారి పాత్రలు ఇచ్చినవాళ్ల దగ్గర ఆగిపోయాను. వాళ్ల పేర్లు కూడా రాయలేదు. అయినా పాత్రలున్నంతవరకే నూనె వచ్చింది, అవి అయిపోగానే నిలిచిపోయింది. కొడుకులేం చేశారు? పాత్రలు అందించారు, తల్లి పోసింది. ఆమెను సన్మానించడమంటే ఆ రోజు అదే.

ఒక మాట కఠినంగా చెప్తాను, ఏమనుకోకండి. తల్లిదండ్రులకు చెందాల్సింది కొర్బాను అని, అంటే దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకున్నవాళ్లను యేసుప్రభువు గద్దించాడు. మార్కు 7లో ఉంది. అమ్మకు బీపీ మాత్రలు కొనకుండా తెచ్చే కానుక మన పరిచర్యకు వద్దు. ముందు మందుల షాపుకి వెళ్లండి.

మీ వీధిలో అలాంటి తల్లి ఉంటే ఈ వారమే వెళ్లండి. ఫోటోలు వద్దు. ఆ విధవరాలు నూనె పోసింది తలుపు మూసుకుని. బియ్యం మూట లోపల దించి, కిస్తీ ఏ రోజో అడిగి తెలుసుకోండి.