దేహము – దేహి – నకలు

చెన్నేకొత్తపల్లి ప్రాంతపు గృహస్థులకు ధర్మవరము పట్టుమగ్గములు క్రొత్త కావు. మగ్గముపై వ్రేలాడు జాకార్డు అట్టల రంధ్రములే అంచునందలి హంసలకును కొంగునందలి పువ్వులకును ఆధారము. అవే అట్టలతో పది చీరలు నేయవచ్చును. మొదటి చీర చినిగిన దినమున రెండవది ఆ చీరయే యగునా? అచ్చు ఒకటే, వస్తువు వేరు.

మనుష్యుని మెదడునందలి స్మృతులనెల్ల కంప్యూటరులోనికి ఎక్కించినచో ఆతనికి మరణముండదని నేడు కొందరు తలంచుచున్నారు. 302 నాడీకణములు గల ఒక చిన్న పురుగు నాడీమండల పటమును 1986లోను, సుమారు 1,39,000 కణములు గల పండ్ల ఈగ మెదడు పటమును 2024లోను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనుష్యుని మెదడున సుమారు 8,600 కోట్ల కణములు గలవు. వారి శ్రమ మెచ్చదగినదే. కాని పటము పూర్తియైనంతనే ఈగ వచ్చి అందు ప్రవేశింపలేదు.

“నేను” అనగా స్మృతుల మూటయేనా? భగవద్రామానుజులు శ్రీభాష్యమున గాఢనిద్రను విచారించిరి. నిద్రలో తలంపు లేదు, జ్ఞాపకము లేదు. అయినను మేల్కొనినవాడు తానే హాయిగా నిద్రించితినని చెప్పును గాని, ఎవడో నిద్రించెననడు. జ్ఞానము ఆత్మకు ధర్మము. దీపమునకు ప్రభవలె అది ముడుచుకొనును, విచ్చుకొనును. ప్రభ ముడుచుకొన్నను దీపము పోలేదు.

అట్లని దేహము తృణప్రాయమనరాదు. ఈ పొరపాటు మనవారిలోను కలదు. చేతనుడు తన ప్రయోజనమునకై నియమించి ధరింపదగినదియు, వానికే శేషమైనదియు నగు ద్రవ్యమే శరీరమని ఆచార్యులు లక్షణము చెప్పిరి. జగత్తెల్ల శ్రీమన్నారాయణునకు శరీరమగుట ఈ లక్షణము చేతనే. బ్రహ్మసూత్రముల చివరి పాదమున, ముక్తునకు శరీరము లేదని బాదరియు, కలదని జైమినియు చెప్పగా, ముక్తుని సంకల్పమును బట్టి రెండును సంభవించునని బాదరాయణులు నిర్ణయించిరి. బంధమునకు హేతువు కర్మము గాని దేహము గాదు. మరి కంప్యూటరులోని నకలు ఎవరికి శేషము? యంత్రమునకు యజమాని యెవరో, విద్యుత్తు బిల్లు కట్టువారెవరో, వారికే!

ఇది వట్టి తర్కము గాదు. స్మృతియే మనిషియైనచో, మతిమరుపు వ్యాధిచే కుమారుని పేరు మరచిన ముదుసలి తల్లి ఇంట లేనట్లే యగును. ఆమె కంఠమును అనుకరించు యంత్రము తల్లి యగును. ఇంతకన్న క్రూరమైన సిద్ధాంతముండునా? అట్టి పెద్దలను పండుగనాడు ఇంటనే విడిచి వచ్చు కుటుంబములు కొన్ని గలవు. విడువ నక్కరలేదు. కోవెలకు తోడ్కొని రావలెను. తీర్థమిచ్చునపుడు ఆమె కుడిచేతిని పట్టుకొని, గోకర్ణాకృతిగా మడిచి యుంచిన చాలును.