అడవిపువ్వుకు ఇవాళ్టి రంగు

వాక్యపఠనం: మత్తయి సువార్త 6:25–34

సోమందేపల్లె చుట్టుపక్కల పూలకు రెండు రకాల బతుకులున్నాయి. ఒకటి బోరు కింది బతుకు. డ్రిప్పు పైపుల వెంట వరుసలుగా పసుపు చామంతి, తెల్ల చామంతి, బంతి, కనకాంబరం. పొద్దు పొడవకముందే కోసి, సంచులకెత్తి, హిందూపురానికో బెంగళూరికో పంపుతారు. ధర పలికితే దండలవుతాయి, లేకుంటే గట్టుమీద కుప్పలవుతాయి. రెండోది గుట్టమీది తంగేడు బతుకు. దానికి బోరు లేదు, ఎరువు లేదు, అడిగే మార్కెట్టూ లేదు. అయినా నాలుగు చినుకులు పడితే గుట్టంతా పసుపు. దగ్గరికెళ్లి ఒక్క పువ్వు చూడండి: ఐదు రేకులు, రేకుల మీద సన్నని గీతలు, మధ్యలో పొట్టీ పొడుగూ కేసరాలు. ఎవరు చూస్తారని ఇంత పని!

కొండమీద ప్రసంగంలో ప్రభువు చూడమన్నది ఈ రెండో రకాన్నే. గలిలయలోని ఆ అడవిపువ్వు ఏదన్నదానిమీద పండితులది తలా ఒక మాట. ఎర్రని అనెమొనీ అని చాలామంది అంటారు. అక్కడే, దాని వెనకాలే పూసే మరో ఎర్రపువ్వు రనంక్యులస్. ఇవాళ తోటల్లో, పెళ్లి బొకేల్లో తెలుపు, గులాబీ, పసుపు, నారింజ రంగుల్లో పొరలు పొరలుగా విచ్చుకునేది దాని సంతతే. అన్ని పొరలూ మనుషులు తరతరాలుగా పెంచి రాబట్టినవి. కొండమీది మొక్కకు కొద్దిపాటి రేకులే. ఎండ ముదిరితే ఆకూ కాడా ఎండిపోయి, మట్టిలో కోడిగోళ్లలాంటి చిన్న దుంప మిగులుతుంది. మళ్లీ వాన వచ్చేదాకా దానికున్న ఆస్తి అదే.

చింతపడవద్దన్న ప్రభువుకు కరువు సంగతి తెలియదనుకోవద్దు. ఆ పువ్వు రేపు పొయ్యిలోకి పోతుందని చెప్పింది కూడా ఆయనే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే మన సీమలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండిన తంగేడు కంప మన పొయ్యిల్లోనూ మండింది. బోరు ఎండదని ఆయన హామీ ఇవ్వలేదు, సేద్యం మానుకోమనీ అనలేదు. ఆ పువ్వుకు తండ్రి ఎక్కువ రోజులివ్వలేదు, కానీ ఇచ్చిన రోజుకు రంగు తగ్గించలేదు. ఎల్లుండి రాలిపోయేదే కదా అని రేకుమీద ఒక్క గీత కూడా మానలేదు.

సొలొమోను వైభవమూ దీనికి సాటి రాదన్నాడు ప్రభువు. మనకు యెరూషలేము దూరం, పెనుకొండ దగ్గర. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. వాళ్ల గగన్ మహల్ ఇప్పటికీ నిలిచే ఉంది. అందులో తిరిగిన పట్టుబట్టల జాడ మాత్రం లేదు. తంగేడు కట్టుకున్నది ఏ ఖజానాలోంచీ రాలేదు, ఏ యుద్ధంలోనూ పోలేదు.

బ్యాంకు కంతు, పిల్లల ఫీజు, రేపు మార్కెట్లో పలికే ధర: రాత్రి నిద్ర పట్టనివ్వని లెక్కలు మనకు చాలానే ఉన్నాయి. వాటిని లెక్కపెట్టడం తప్పు కాదు. రేపటి బరువును ఇవాళ్టి బలంతో ఎత్తబోవడమే మన నడుము విరుస్తోంది. రేపటికి కావలసిన కృప రేపే వస్తుంది. ఇవాళ్టిది ఇప్పటికే మన చేతిలో ఉంది. నీళ్లు పెట్టవలసిన మడికి నీళ్లు పెడదాం, మాట్లాడవలసిన మనిషితో మాట్లాడదాం, మిగిలింది తండ్రికి వదిలేద్దాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, ఎవరూ తడపని గుట్టకు రంగులిచ్చిన నీవు మా ఇంటి అవసరాలు ఎరుగుదువు. ఎండిన బోరు పక్కన నిలబడిన ప్రతి కుటుంబాన్నీ ఆదుకో. ఈ రోజు పని ఈ రోజు నమ్మకంగా చేసే మనసు మాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.