గురి పెట్టింది ఎవరు?

‘వల్నరబుల్’ అన్న మాటకి తెలుగులో ఏం రాయాలి? అనువాదం చేసే ప్రతిసారీ నా కలం ఇక్కడ ఆగిపోతుంది. బలహీనులు, దుర్బలులు, నిస్సహాయులు అని నివేదికల్లో ఏదో ఒకటి రాసేస్తుంటాం. ఈ మూడు మాటలూ లోపాన్ని మనిషి లోపలే పెట్టేస్తాయి. ‘అబల’ చేసిన పని కూడా అదే కదా! బలం లేకపోవడాన్నే స్త్రీకి పేరుగా పెట్టింది.

ఆ ఇంగ్లీషు మాటకి మూలం గాయం అనే అర్థమున్న లాటిన్ పదం ‘వల్నస్’. తర్వాతి కాలపు లాటిన్‌లో ‘వల్నరాబిలిస్’ అంటే గాయపరిచేది. ఇంగ్లీషులోకి వచ్చాక ఆ మాట గాయపడే వాళ్లకి స్థిరపడింది. కత్తి పట్టుకున్న చేయి మాయమై, దెబ్బ తగిలే ఒళ్లు మాత్రం మిగిలింది.

ఇది వట్టి నిఘంటువుల ముచ్చట కాదు. గిరిజనుల్లో కొన్ని సమూహాలకి కేంద్రప్రభుత్వం పెట్టిన ‘ఆదిమ’ అనే విశేషణం 2006లో ‘ప్రత్యేకించి వల్నరబుల్’గా మారింది. ఒక అవమానం పోయింది, మంచిదే. ఆ 75 సమూహాల్లో నల్లమల చెంచులూ ఉన్నారు. కానీ చెంచు స్త్రీ దేనివల్ల వల్నరబుల్? పులుల అభయారణ్యం పేరుతో అడవిలో పెట్టిన ఆంక్షలు గానీ, 2019లో అక్కడ యురేనియం అన్వేషణకి వచ్చిన ప్రతిపాదన గానీ ఆ పేరులో కనిపించవు. ఆ ప్రతిపాదనని జనం ఎదిరించారు, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఎదిరించిన వాళ్లని దుర్బలులని ఎలా అంటాం?

గాయపడే గుణం మనుషులందరిదీ అని మార్తా ఫైన్‌మన్ 2008లో వాదించారు. అది అందరికీ సమానంగా పంపిణీ కాలేదని జుడిత్ బట్లర్ అంతకు ముందే, 2004లో గుర్తు చేశారు. ఈ రెండూ కలిపి చదవాలనిపిస్తుంది నాకు. ఒళ్లున్న ప్రతివాళ్లకీ గాయం తగలొచ్చు, ఎవరికి ఎక్కువ తగలాలన్నది మాత్రం అధికారం నిర్ణయిస్తుంది.

అందుకే ‘గాయానికి గురయ్యేవాళ్లు’ అని రాస్తున్నాను. పట్టికలోని గడిలో పట్టదు, పొడుగే. అయితే తెలుగులో ‘గురి’ అంటే లక్ష్యం కూడా. గురైనవాళ్లున్నారంటే గురి పెట్టినవాళ్లెవరని అడగక తప్పదు. ఆ ప్రశ్నని మింగేసే మాట ఎంత దయగా వినిపించినా, నాకు అక్కర్లేదు.