ఇస్సాకు కన్నులు

ఇస్సాకు వృద్ధుడై కన్నులు మందగించినప్పుడు ఆ బలహీనతను బాగుగా ఎరిగినవారు ఇంటివారే. రిబ్కాయు యాకోబును దానిని తమ లాభమునకు వాడుకొనిరని ఆదికాండము 27వ అధ్యాయములో చదువుచున్నాము. నేటి వైద్యశాస్త్రము ఆ సంగతిని మరల మన యెదుట పెట్టుచున్నది.

కంటి వెనుకనున్న పలుచని పొరను రెటీనా అందురు. గర్భములో శిశువు రూపొందునప్పుడు ఇది మెదడునుండియే పుట్టును. కావున కోత లేకుండ మెదడు సంగతి కొంత కంటిలో చూడవచ్చును. 1851లో హెల్మ్‌హోల్ట్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుపాపగుండ ఈ పొరను చూచు సాధనమును వెల్లడించెను. 1991లో వెల్లడియైన ఓసిటి పద్ధతి వెలుతురు సాయమున దాని మందమును కొలుచును. బ్రిటనులో 32,000 మందికి పైగా కన్నులను పరీక్షించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, నరముల పొర పలుచగా ఉన్నవారిలో జ్ఞాపకము, ఆలోచన మూడేండ్లలో తగ్గినవారు ఎక్కువగా కనబడిరి. అయితే గ్లకోమా వలనను, మధుమేహము వలనను ఆ పొర పలుచబడును. కనుక ఇది సూచనయే గాని తీర్పు కాదు.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరములు చూపును పరీక్షించి అద్దములిచ్చుటకే జరిగినవి. రేపు మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో కంటి పరీక్షకు పోయిన పెద్దకు ఇట్టి సూచన కనబడినయెడల, ఆ మాట మొదట ఎవరికి చెందును? తండ్రికా, కుమారులకా? ఔటర్ రింగు రోడ్డు వచ్చిన పిమ్మట మన భూముల ధర పెరిగినది. ముసలివారి వేలిముద్రకును ధర పెరిగినది. కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు.

దుఃఖపడునని తండ్రికి చెప్పక దాచుట ప్రేమయని కొందరందురు. మేమట్లు తలంచము. దాచినయెడల అతనిని మరల ఇస్సాకును చేసినట్లే. తెలిసినయెడల అతడు రక్తపోటును, మధుమేహమును అదుపులో పెట్టుకొనవచ్చును, శుక్లము తీయించుకొనవచ్చును. మతిభ్రంశములలో దాదాపు 45 శాతము ఇట్టి 14 కారణములతో ముడిపడియున్నవని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘము తెలిపెను. మరియు తన వీలునామాను తానే స్వస్థబుద్ధితో వ్రాయించుకొనవచ్చును. ఐదేండ్ల తరువాత మరచిపోవునేమో యన్నవాడు నేడు మరచినవాడు కాడు. నేడు అతని మాట చెల్లవలెను. పోషింతుమను షరతుపై ఆస్తి వ్రాయించుకొని పోషింపనివారి దస్తావేజును రద్దు చేయుటకు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము వీలు కల్పించినది. అంతదాక పోనిచ్చుట మనకు అవమానము.

ముందుగా తెలిసికొన గోరని పెద్దలును ఉందురు. ఆ కోరికయు వారిదే. కనుక ఆసుపత్రికి బయలుదేరకమునుపే, "నాయనా, సంగతి ఏదైనను మొదట నీకే చెప్పమందుమా?" అని అడుగుదము. అతడు చెప్పినట్లు చేయుదము.