ప్రాచీన సౌందర్యం - అధ్యాపకుని బాధ్యత

బానిసల శ్రమమీద నిలిచిన సమాజం సృష్టించిన సౌందర్యాన్ని విద్యార్థికి ఎలా బోధించాలి? ప్రబంధాలు పాఠం చెప్పే నాకు యీ ప్రశ్నకు దగ్గర ప్రశ్నలు తరచు ఎదురవుతూనే వుంటాయి. కాని అది మరీ సూటిగా ఎదురయ్యే చోటు ఏథెన్స్ నగరం. అమెరికా కళాశాలల విద్యార్థులను కొన్ని నెలలపాటు ఆ శిథిలాల మధ్యనే వుంచి గ్రీకు, రోమన్ విద్యలు నేర్పే పద్ధతి వొకటి వున్నది. 1962లో 'కాలేజ్ ఇయర్ ఇన్ ఏథెన్స్', 1965లో రోమ్‌లో అటువంటిదే మరొక కేంద్రం మొదలయ్యాయి. గ్రంథం చదవడం వేరు, స్థలం చూడడం వేరు అన్నది యీ పద్ధతికి పునాది.

ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే స్థలం తనంత తాను నోరు విప్పదు. అక్రోపోలిస్ కొండమీద ఎరెఖ్థియన్ ఆలయపు వసారా కప్పును తలలమీద మోస్తూ యీనాడు కనిపించే ఆరు కన్యావిగ్రహాలూ నకళ్లే. అసలు విగ్రహాలలో అయిదు, 2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియంలో వున్నాయి. ఆరవదాన్ని ఎల్గిన్ ప్రభువు పట్టుకుపోయాడు. అది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో వుంది. సూనియన్ అగ్రంమీది పొసైడన్ గుడి దగ్గర సూర్యాస్తమయం చూడడానికి అందరూ వెళ్తారు. దానికి దగ్గరలోనే లారియన్ వెండి గనులున్నాయి. నికియాస్ అనే సేనాని వెయ్యిమంది బానిసలను, తలకు రోజుకు వొక ఓబోల్ చొప్పున, ఆ గనులకు అద్దెకిచ్చాడని జెనొఫన్ రాశాడు. గుడి చూసి గని చూడకుండా తిరిగివచ్చిన విద్యార్థి ఏథెన్స్‌ను సగమే చూశాడనాలి.

తాజ్‌మహల్ విషయంలో శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనవాళ్లకు కంఠస్థం. ఎరెఖ్థియన్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు రాతిమీదనే దొరుకుతుంది. క్రీ.పూ. 409-407 నాటి నిర్మాణపు లెక్కలు శాసనాలుగా మిగిలాయి. వాటిలో పనివాళ్ల పేర్లున్నాయి. అంతస్తు తెలియవచ్చిన 86 మందిలో 24 మంది పౌరులు, 42 మంది ఏథెన్స్‌లో స్థిరపడిన పరదేశీయులు, 20 మంది బానిసలు అని పరిశోధకులు తేల్చారు. రోజుకూలి అందరికీ వొక్కటే, ఒక ద్రాక్మా. బానిస కూలి మాత్రం యజమాని చేతికి చేరేది. తూర్పు స్తంభాలకు నిలువు చాళ్లు చెక్కిన జట్లలో పౌరుడూ, పరదేశీ, బానిసా పక్కపక్కనే పనిచేశారు.

అధ్యాపకుడు ఆగవలసిన చోటు యిదే. యీ చాళ్లలో బానిస చెక్కినది ఏదో, పౌరుడు చెక్కినది ఏదో చెప్పండని విద్యార్థులను అడగాలి. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. రెండు తరాల తరవాత అరిస్టాటిల్ తన 'రాజనీతి'లో బానిసను ప్రాణమున్న పనిముట్టుగా వర్ణించాడు. కొందరు స్వభావంచేతనే బానిసలని సిద్ధాంతం చేశాడు. ఆయన పాఠాలు చెప్పిన నగరంలోనే, కొండమీద, ఆ సిద్ధాంతానికి ఖండన అప్పటికే నిలబడి వుంది.

సౌందర్యాన్ని సౌందర్యంగా చూడనివ్వరా, అన్నిచోట్లా యీ కూలిలెక్కలేనా అని ఆక్షేపించేవారుంటారు. గ్రీకు కళ ఆనాటి సమాజంతో ముడిపడి వుందని గ్రహించడం కష్టం కాదనీ, అది నేటికీ మనకు ఎందుకు ఆనందం కలిగిస్తున్నదన్నదే చిక్కుప్రశ్న అనీ 1857లో మార్క్సే రాశాడు. ఆ ఆనందాన్ని నేను కాదనడంలేదు. అది ఎవరికి రుణపడి వున్నదో తెలుసుకోమంటున్నాను. శాసనం చదివినందువల్ల స్తంభం అందం తరిగిపోదు. మన గౌరవం శిల్పాచార్యుని దగ్గరనే ఆగిపోకుండా, ఉలి పట్టిన ప్రతి చేతికీ అందుతుంది.

ఇంకొక సంగతి వుంది. సముద్రాలు దాటి వచ్చి నెలల తరబడి చదువుకోగల తీరిక ఎందరికి వున్నది? ఆ తీరిక వెనుక వండిపెట్టేవాళ్లు, గదులు వూడ్చేవాళ్లు వున్నారు. నేటి కూలివాడిని నాటి బానిసతో సమానం చెయ్యడం చరిత్ర తెలియనితనమే అవుతుంది. అయినా ఎవరి శ్రమ ఎవరి తీరికగా మారుతున్నదన్న ప్రశ్న పాతబడలేదు. ప్రాచీన విద్యలు చదివే యువకుడు ఆ ప్రశ్న తనకు తాను వేసుకోకపోతే అతని చదువుకు ప్రయోజనమేమిటి?

ఏథెన్స్ వెళ్లే తాహతు లేని మన విద్యార్థులు విచారించనక్కరలేదు. ఆ శాసనాలు పుస్తకాలలో అచ్చయి వున్నాయి. ప్రబంధం చదివేటప్పుడుకూడా యిదే పద్ధతి పాటించవచ్చు. కావ్యం అందాన్ని మనసారా అనుభవించాలి. ఆ అందానికి కావలసిన తీరికను ఎవరి చెమట సమకూర్చిందో విచారించాలి. మొదటి పని చేసి రెండవది వదిలేసే అధ్యాపకుడికీ, యాత్రికులను వెంట తిప్పే గైడుకూ తేడా నాకు కనిపించదు.