వాకిలి దగ్గర నిలబడ్డవాళ్లు



కఫర్నాములో యేసు ప్రభువు బోధిస్తున్న ఇంటికి నలుగురు ఒక పక్షవాత రోగిని మోసుకొచ్చిన సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఉంది. ఆ నలుగురి విశ్వాసాన్ని గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. వాకిలి దగ్గర కిక్కిరిసి నిలబడ్డవాళ్లను గురించి మాత్రం ఏనాడూ మాట్లాడలేదు. వాళ్లు దుర్మార్గులేమీ కారు, వాక్యం వినడానికి వచ్చినవాళ్లే. కాని రోగిని చూసి ఎవరూ దారి ఇవ్వలేదు. అందుకే గదా ఆ నలుగురూ పైకప్పు విప్పవలసి వచ్చింది!

కొన్నేళ్ల క్రితం ఒక విచారణలో నేను బడి కరస్పాండెంటుగా ఉన్నప్పుడు, ఒక తల్లి కాళ్లు పనిచేయని కొడుకును ఎత్తుకొని వచ్చింది. వాడు చేరవలసిన మూడో తరగతి మేడమీద ఉంది. "ఫాదర్‌గారూ, మెట్లు నేనే ఎక్కిస్తానండీ, చేర్చుకోండి చాలు" అంది. నేను జాలిపడ్డాను. పిల్లవాడి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. ఇలాంటి పిల్లలకు వేరే పాఠశాలలు ఉన్నాయమ్మా అని చెప్పి పంపేశాను. తరగతిని కిందికి మార్చవచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు.

ఎవరికి చెందినది వారికి ఇవ్వడమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు వారి బోధ. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం పరీక్షలో అది బాగానే రాశాను కూడా! ఆ తల్లి అడిగింది దయ కాదు, తన కొడుకుకు చెందినదే అడిగింది.

వికలాంగ బాలలకు 18 ఏళ్లు వచ్చేవరకు ఉచిత విద్య అందాలని 1995 చట్టమే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా తేటగా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఇంటి దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏది కావాలో ఎంచుకొనే హక్కు ఆ బిడ్డది, ఫాదర్‌గారిది కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లలు మసలుకొనేలా భవనాలు ఉండాలి. మనవి మైనారిటీ బడులు గదా అంటారు కొందరు. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు మినహాయింపు ఇచ్చింది విద్యాహక్కు చట్టం నుంచి. 2016 చట్టంలో అటువంటి మినహాయింపు రాసి లేదు. అయినా మినహాయింపులు వెదుక్కోవలసిన వాళ్లమా మనం?

తల్లిదండ్రులారా, మీ ఇంట అలాంటి బిడ్డ ఉంటే పాపఫలమని కుమిలిపోకండి. పుట్టు గుడ్డివాని విషయంలో ఆ మాటను ప్రభువే తోసిపుచ్చాడు. సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోండి. మండలంలోని భవిత కేంద్రంలో విచారించండి. బడిలో కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి, ఆ కాగితంతో మీ విచారణ గురువు దగ్గరికి వెళ్లండి.

మా బడిలో ఈ జూన్ నుంచి మూడో తరగతి కింద గదిలో జరుగుతుంది. ఆదివారం పూజ అయ్యాక బల్లలు దించాలి. యువకులు నలుగురు వస్తే చాలు.